18 పెద్దదా, 13 పెద్దదా?

"అప్పా, మాది బొబ్బిలి దగ్గర పల్లె. నాన్నకి కిరాణా కొట్టు. రాజాంలో ఇంజనీరింగ్ చదివి నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో టెస్టింగ్ పని చేస్తున్నాను. మానేయాలంటే 90 రోజుల ముందు నోటీస్ ఇవ్వాలి. ఇప్పుడు చేతిలో రెండు ఆఫర్లున్నాయి. బెంగళూరు కంపెనీ 18 లక్షలంటోంది. అక్కడ కోడ్ రాసే పని. విశాఖపట్నం కంపెనీ 13 లక్షలంటోంది. అక్కడ ఒక విదేశీ బ్యాంకు పాత సాఫ్ట్‌వేర్‌ని చూసుకునే పని, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 11 దాకా షిఫ్టు. 'పద్దెనిమిది పెద్దదా, పదమూడు పెద్దదా? దీనికి ఆలోచనేటమ్మా?' అంటున్నారు నాన్న. పెదనాన్న కొడుకు అమెరికాలో కోటి సంపాదిస్తున్నాడని ఇంట్లో రోజూ ఒకటే మాట. నాకు మాత్రం ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఎక్కడో లెక్క కుదరడం లేదు. ఏమిటో చెప్పలేకపోతున్నాను. ఆఫర్ లెటర్లు రెండూ పంపుతున్నాను. ఏది తీసుకోమంటారు?"
— బొబ్బిలి మండలం నుంచి ఒక చెల్లి

చెల్లీ,

'అప్పా' అని పిలిచావు, మన వైపు అక్కని పిలిచే పిలుపు. కాశీబుగ్గ వదిలి హైదరాబాద్ వెళ్లాక ఆ పిలుపు నాకు దూరమైపోయింది. అక్కడ అందరికీ మేడమ్‌నే. అందుకే సొంత చెల్లికి రాసినట్టు, నువ్వు అనే రాస్తున్నాను.

పదిహేనేళ్లు సాఫ్ట్‌వేర్ కంపెనీల హెచ్ఆర్‌లో పనిచేశాను. అందులో సగం కాలం ఆఫర్ లెటర్లు తయారు చేయడమే నా పని. కాబట్టి నీకు లెక్క ఎక్కడ కుదరడం లేదో నాకు వెంటనే కనిపించింది. ఆ లెటర్ల మీద పెద్దక్షరాల్లో ఉండే అంకె సీటీసీ. ఏడాదికి నీ మీద కంపెనీకి అయ్యే ఖర్చు అది. నీ చేతికి వచ్చేదెంతో ఆ అంకె చెప్పదు. కానీ మన ఊళ్లలో దాన్నే జీతం అంటాం, ప్యాకేజీ అంటాం, పెళ్లిచూపుల్లోనూ అదే చెప్పుకుంటాం.

మా నాన్నది పలాసలో జీడిపిక్కల వ్యాపారం. పిక్కల బస్తా అంటే అక్కడ 80 కిలోలు. రెండు బస్తాలు ఒకే కాటాలో ఒకే తూకం తూగుతాయి. అయినా నాన్న ఏనాడూ తూకం చూసి ధర చెప్పలేదు. బస్తా అడుగు నుంచి గుప్పెడు, నడిమి నుంచి గుప్పెడు పిక్కలు తీసి, ఒక్కొక్కదాన్నే నిలువునా కోసి, వరసగా గోనె మీద పేర్చేవారు. పప్పు నిండుగా ఉందా, ముడుచుకుపోయిందా, నల్లమచ్చ పడిందా అని వేలితో తాకి చూసేవారు. జీడి అంటి ఆయన వేళ్ల కొసలు ఎప్పుడూ నల్లగానే ఉండేవి. 80 కిలోల బస్తాలో పప్పు ఇరవై కిలోలకి అటూ ఇటూగా దిగుతుంది, మిగిలిందంతా పెంకూ పొట్టూ. ఒక బస్తాకి ఇరవై మూడు దిగితే, పక్క బస్తాకి పద్దెనిమిదే దిగొచ్చు. అది పైకి తెలియదు, కోస్తేనే తెలుస్తుంది.

నీ రెండు లెటర్లనీ అలాగే కోశాను.

బెంగళూరు 18 లక్షల్లో 2 లక్షలు జాయినింగ్ బోనస్. చేరినప్పుడు ఒక్కసారే వస్తుంది, రెండో ఏడాది ఉండదు. 1,80,000 వేరియబుల్. కంపెనీ బాగుండి, నీ రేటింగ్ బాగుంటే వస్తుంది, లేకపోతే సగమో ముప్పావో వస్తుంది. 78,000 కంపెనీ నీ పేరున కట్టే పీఎఫ్. గ్రాట్యుటీ, ఆరోగ్య బీమా ప్రీమియం కలిపి 42,000. గ్రాట్యుటీ అంటే ఉద్యోగం మానేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం, ఏటా నీ బేసిక్‌లో (అలవెన్సులు కలపని మూల వేతనంలో) 4.81 శాతం. ఏటా లెక్కలో చూపిస్తారు గానీ ఐదేళ్లు నిండకుండా మానేస్తే పర్మనెంట్ ఉద్యోగికి అందులో రూపాయి రాదు. ఇవన్నీ తీసేస్తే నెలనెలా జీతంగా లెక్కేసేది 13 లక్షలు.

ఇక విశాఖ 13 లక్షలు. వేరియబుల్ 40,000. పీఎఫ్ 21,600. గ్రాట్యుటీ, బీమా కలిపి 38,400. మిగిలింది 12 లక్షలు.

నువ్వు 18కీ 13కీ మధ్య ఐదు లక్షల తేడా చూస్తున్నావు. లోపల పప్పు 13, 12.

ఇంకా అయిపోలేదు. ఈ 13 నుంచీ 12 నుంచీ కొన్ని కట్ అవుతాయి. బెంగళూరు కంపెనీ నీ బేసిక్ మొత్తం మీద 12 శాతం పీఎఫ్ పట్టుకుంటుంది, అంటే నెలకు 6,500. విశాఖ కంపెనీ చట్టం చెప్పిన 15,000 మీదే లెక్కగట్టి 1,800 పట్టుకుంటుంది. వృత్తి పన్ను రెండు చోట్లా నెలకు సుమారు 200. ఆదాయపు పన్ను దగ్గర అసలు మలుపు ఉంది. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో జీతగాళ్లకు ఏడాదికి 12,75,000 దాకా పన్ను లేదు. విశాఖ జీతం వేరియబుల్‌తో కలిపినా 12,40,000, కాబట్టి పన్ను సున్నా. బెంగళూరులో రెండో ఏడాది వేరియబుల్ పూర్తిగా వచ్చిందనుకుంటే 14,80,000 అవుతుంది, దాని మీద పన్ను 94 వేల చిల్లర.

ఇవన్నీ పోగా విశాఖలో నెలకు నీ ఖాతాలో పడేది 98,000. బెంగళూరులో 94,000 లోపు. 18 లక్షల ఉద్యోగంలో ఒకటో తారీఖున వచ్చే మెసేజ్, 13 లక్షల ఉద్యోగంలో వచ్చే మెసేజ్ కన్నా చిన్నది. ఈ ఒక్క వాక్యం మీ నాన్నకి చదివి వినిపించు.

అలాగని బెంగళూరు వాళ్లు మోసం చేస్తున్నారని అనుకోకు. పీఎఫ్ నీ సొమ్మే. అక్కడ నీ వాటా, వాళ్ల వాటా కలిపి నెలకు 13,000 జమవుతుంది, విశాఖలో 3,600. 2024-25కి పీఎఫ్ వడ్డీ 8.25 శాతం ఇచ్చారు, బ్యాంకు డిపాజిట్ కన్నా మేలు. అందుకని చేతికొచ్చేదీ, పీఎఫ్‌లో చేరేదీ, వేరియబుల్ మొత్తం కలిపి, పన్ను తీసేసి చూద్దాం. రెండో ఏడాది నుంచి బెంగళూరులో సుమారు 14.6 లక్షలు, విశాఖలో 12.6 లక్షలు. అంటే తేడా 2 లక్షలు. రెండు చోట్లా వేరియబుల్ సగమే వస్తే తేడా దాదాపు లక్షన్నరకి దిగుతుంది.

అద్దె సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. బెంగళూరులో ఆఫీసుకి దగ్గరగా ఒక బెడ్‌రూమ్ ఇంటికీ, విశాఖ మధురవాడలో అలాంటి ఇంటికీ నెలకు 10,000 తేడా ఉంటుందనుకుంటే ఏడాదికి 1,20,000. ఆ పైన బెంగళూరులో అడ్వాన్స్ కింద నాలుగైదు నెలల అద్దె ముందే కట్టాలి. విశాఖ కంపెనీ బీమాలో అమ్మానాన్నలు కూడా ఉన్నారని లెటర్లో రెండో పేజీ కింద చిన్నక్షరాల్లో ఉంది, చూశావో లేదో. బెంగళూరు వాళ్లది నీకొక్కదానికే. అరవై దగ్గర పడుతున్న ఇద్దరికి విడిగా పాలసీ తీసుకుంటే ఏటా పదుల వేలు. కలిపి చూసుకుంటే రెండో ఏడాది నుంచి ఈ రెండు ఉద్యోగాలకీ డబ్బులో చెప్పుకోదగ్గ తేడా లేదు. మొదటి ఏడాది మాత్రం జాయినింగ్ బోనస్ పన్ను పోగా లక్షా అరవై ఎనిమిది వేల దాకా బెంగళూరు వైపు మొగ్గుతుంది.

ఇప్పుడు మీ పెదనాన్న గారి అబ్బాయి. లక్షా పది వేల డాలర్ల జీతం అనుకుందాం, డాలరు 90 రూపాయల లెక్కన దాదాపు కోటి. అందులో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 7.65 శాతం పోతుంది. కేంద్రానికి కట్టే ఆదాయపు పన్ను, ఒంటరివాడికైతే, పదిహేను వేల డాలర్ల పైమాట. టెక్సాస్ లాంటి చోట ఉంటే రాష్ట్రానికి జీతం మీద పన్ను లేదు, కాలిఫోర్నియాలో ఉంటే ఉంది. ఆ పైన ఆరోగ్య బీమా, కారు, అద్దె. మరి ఆ కోటిని ఇక్కడి జీతంతో ఎలా పోల్చాలి? అక్కడ ఒక డాలరుకి దొరికే సరుకూ సేవలూ ఇక్కడ ఎన్ని రూపాయలకి దొరుకుతాయో చూసే లెక్క ఒకటుంది, కొనుగోలు శక్తి లెక్క. ప్రపంచ బ్యాంకు అంచనాల ప్రకారం అది ఇరవై రూపాయల దగ్గర ఉంటుంది. ఆ లెక్కన అతను అక్కడ బతికే బతుకు ఇక్కడ 22 లక్షలతో బతికే బతుకు లాంటిది. కానీ అతను మిగుల్చుకుని బొబ్బిలికి పంపే ప్రతి డాలరూ మాత్రం 90 రూపాయలే అవుతుంది. ఖర్చు ఒక లెక్కలో, పొదుపు ఇంకో లెక్కలో నడుస్తాయి. కాబట్టి అతని జీతం కోటి అన్నా నిజమే, 22 లక్షలన్నా నిజమే. నెలకి ఎంత మిగుల్తోందో తెలిస్తే తప్ప నీతో పోల్చడానికి వీల్లేదు. అది ఎవరూ చెప్పరు, మనం అడగనూ కూడదు.

ఇంకో రకం అంకె కూడా మీ ఇంట్లో వినే ఉంటావు: ఫలానావారి అమ్మాయికి నలభై లక్షలట. చాలాసార్లు అందులో సగం షేర్లు. నాలుగేళ్లలో విడతలవారీగా చేతికొచ్చే షేర్లు, చాలా చోట్ల మొదటి విడత ఏడాది నిండాకే. మధ్యలో మానేస్తే మిగిలినవి పోతాయి. కంపెనీ స్టాక్ మార్కెట్లో ఉంటే అమ్ముకోవచ్చు, వాటి ధర పెరగనూ వచ్చు తగ్గనూ వచ్చు. కంపెనీ ఇంకా మార్కెట్లోకి రాని స్టార్టప్ అయితే ఆ షేర్లని కొనేవాడే దొరకకపోవచ్చు. కొందరు నాలుగేళ్ల షేర్ల విలువ మొత్తాన్ని ఒక్క ఏడాది ప్యాకేజీలో కలిపి చెప్పుకుంటారు. అబద్ధమని అనలేం, లెటర్లో ఆ అంకె ఉంటుంది.

మీ నాన్న ఇంతగా ఎందుకు ఆరాటపడుతున్నారో నాకు అర్థమవుతుంది. శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా రోడ్డు పక్కన కాలేజీల ఫ్లెక్సీలు చూస్తూనే ఉంటారు కదా. మధ్యలో పెద్ద ఫోటో, కింద పెద్ద అంకె. పదిమందికి ఉద్యోగాలొచ్చాయనుకో, తొమ్మిది మందికి మూడున్నర లక్షలు, ఒక్కరికి 40 లక్షలు. సగటు చూస్తే 7,15,000. ఆ పదిమందిలో ఏ ఒక్కరి జీతమూ ఆ అంకెకి దగ్గరగా కూడా లేదు. ఫోటో మాత్రం ఆ ఒక్కరిదే పడుతుంది. మిగతా తొమ్మిది ఇళ్లలో తండ్రులు ఆ ఫోటో చూసి తమ పిల్లల్లో ఏదో తక్కువైందనుకుంటారు. హెచ్ఆర్‌లో ఉండి ఆ తొమ్మిది మందినీ నేను చూశాను. ఎంతో కష్టపడే పిల్లలు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు జీతం అడుగుతారేమోనని మాట మార్చేవాళ్లు. అది తలుచుకుంటే నాకిప్పటికీ బాధగానే ఉంటుంది.

సరే, ఏది తీసుకోవాలి?

నేను బెంగళూరు వెళ్లమంటాను. ఇంత లెక్క చెప్పి, డబ్బు దాదాపు సమానమని తేల్చి, మళ్లీ అదే చెబుతోందేమిటి అనుకోకు. డబ్బు సమానమైంది కాబట్టే ఇప్పుడు పనిని చూడగలం. నాలుగేళ్లు టెస్టింగ్ చేశావు. కోడ్ రాసే పనిలోకి మారాలంటే ఇదే వయసు. ఇంకో నాలుగేళ్లు పోతే ఇంటర్వ్యూకి పిలిచేవాళ్లే తగ్గిపోతారు. ఎనిమిదేళ్ల అనుభవం అని కాగితం మీద ఉంటుంది, అడిగే పనిలో మాత్రం అనుభవం సున్నా. విశాఖ వాళ్లు ఇస్తున్నది పాత వ్యవస్థని కాపలా కాసే పని. మర్యాదైన ఉద్యోగమే, ఇంటికి దగ్గరే. రైలెక్కితే రెండు మూడు గంటల్లో బొబ్బిలి. పెళ్లయి పిల్లలున్న అమ్మాయి, లేదా అమ్మానాన్నల ఆరోగ్యం బాగాలేని అమ్మాయి రాసి ఉంటే రెండో ఆలోచన లేకుండా విశాఖే అనేదాన్ని. నీ ఉత్తరంలో అలాంటి ఇబ్బంది కనిపించలేదు. ఉండి కూడా రాయలేదంటే నా మాట పక్కన పెట్టేయ్, విశాఖకే వెళ్లు.

ఇంకో సంగతి కూడా ఉంది. పైకి కనిపించే ఆ పెద్ద అంకె నీ చేతికి రాకపోయినా దానికంటూ ఒక పనుంది. మూడేళ్ల తర్వాత ఇంకో కంపెనీకి వెళ్తే వాళ్లు మొదట అడిగేది ఇప్పటి సీటీసీ ఎంత అని. దాని మీదే ఇంత శాతం హైక్ అంటారు. జాయినింగ్ బోనస్‌ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు గానీ, ఫిక్స్‌డ్‌నీ (నెలనెలా ఖాయంగా వచ్చే జీతాన్నీ) వేరియబుల్‌నీ చూస్తారు. ఈ పద్ధతి సరైంది కాదని మీటింగుల్లో నేను చాలాసార్లు అన్నాను. కానీ ఇంకా అలాగే నడుస్తోంది, దాన్ని తెలిసి వాడుకోవడమే మేలు.

అందుకని సంతకం పెట్టేముందు బెంగళూరు హెచ్ఆర్‌కి ఫోన్ చెయ్యి. మెయిల్ కాదు, ఫోన్. "జాయినింగ్ బోనస్ తగ్గించి ఫిక్స్‌డ్ లక్ష పెంచగలరా?" అని మర్యాదగా, సూటిగా అడుగు. ఇలాంటిది అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకున్న సందర్భం నా పదిహేనేళ్లలో నేను చూడలేదు. చాలామంది అబ్బాయిలు అడిగేవారు. మన జిల్లాల అమ్మాయిలు అడిగేవారు కాదు, ఇచ్చిందే చాలనుకునేవారు. అటువైపు కుర్చీలో కూర్చుని "అడుగమ్మా" అని మనసులో అనుకున్న రోజులున్నాయి. ఇప్పుడు నీకు గట్టిగానే చెబుతున్నాను: అడుగు.

బోనస్ తగ్గించడానికి ఒప్పుకోకపోతే దాని షరతు చదువు. ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలని నీ లెటర్లో ఉంది. 2 లక్షలూ కట్టాలా, పన్ను పోగా నీ చేతికొచ్చింది మాత్రమే కట్టాలా అన్నది రాతపూర్వకంగా అడిగి తెలుసుకో. కొన్నిచోట్ల పూర్తి మొత్తం అడుగుతారు, పన్ను మాత్రం అప్పటికే పోయి ఉంటుంది. గత రెండేళ్లలో వేరియబుల్ ఎంత శాతం ఇచ్చారో కూడా అడుగు. ఆ టీమ్‌లో పనిచేసినవాళ్లు ఎవరైనా మీ కాలేజీ సీనియర్లలో ఉంటే వాళ్లని ఒక్కటే ప్రశ్న అడుగు: శనాదివారాలు ఫోన్లు వస్తాయా? వారానికి అరవై గంటలు పనిచేసి తెచ్చుకునే 94 వేలూ, నలభై గంటలు చేసి తెచ్చుకునే 94 వేలూ ఒకటి కావు. ఇది మాత్రం ఏ ఆఫర్ లెటర్లోనూ రాసి ఉండదు. మేమూ రాయలేదు.

నీ ఇప్పటి కంపెనీలో నోటీస్ పీరియడ్ 90 రోజులని రాశావు. బెంగళూరు వాళ్లు నెలలో చేరమంటున్నారు. మిగతా రెండు నెలల జీతం కట్టి బయటపడాల్సి వస్తే అది ఎవరు భరిస్తారో ఇప్పుడే తేల్చుకో. లేకపోతే ఆ జాయినింగ్ బోనస్ అక్కడికే సరిపోతుంది. అన్నీ కాగితం మీదకి వచ్చేదాకా రాజీనామా ఇవ్వకు, విశాఖ వాళ్లకి కాదని చెప్పకు. చెప్పేటప్పుడు మాత్రం బాగా చెప్పు. మూడేళ్ల తర్వాత నువ్వు విశాఖకే తిరిగి రావాలనుకోవచ్చు, అప్పుడు నీ దగ్గర వాళ్లకి కావలసిన పని ఉంటుంది.

ఇక నాన్న. ఆయన్ని ఒప్పించడానికి సీటీసీ, వేరియబుల్ అనే మాటలు వాడకు. కొట్టు నడిపే మనిషికి అమ్మకం వేరు, మిగులు వేరు అని ఎవరూ నేర్పక్కర్లేదు. ఈ ఆదివారం ఇంటికి వెళ్లినప్పుడు, కొట్టు మూసి గల్లా పెట్టె లెక్క చూసుకునే వేళ, ఆయన చిట్టా పుస్తకమే అడిగి తీసుకుని ఖాళీ పేజీలో నడుమ గీత గియ్యి. ఎడమ పక్క బెంగళూరు, కుడి పక్క విశాఖ. పైన 18, 13 వెయ్యి. ఒక్కొక్కటే తీసేస్తూ కిందకి రా. అంకెలు నువ్వు చెప్పు, ఆయన్నే రాయనీ.